రెక్కల లంగరు

లంగర్ల సంగతిలో భీమరాజు మాటకి పాతమొగలో తిరుగులేదు. మిగతా సంగతుల్లో అతని మాట ఇంట్లో పెళ్ళామే వినేది కాదు గానీ, ఊళ్ళో ఎవరు కొత్త పడవ దింపినా ముందు వచ్చి భీమరాజు అరుగు మీద కూర్చోవాల్సిందే. పడవ ఎంతది, చాప ఎంతది, ఎక్కడ ఆపుకుంటావు, అడుగున ఇసకా, గుల్లా, బురదా అని ఒక్కొక్కటే అడిగి, కాసేపు కళ్ళు మూసుకుని, అప్పుడు చెప్పేవాడు ఏ లంగరు కొనాలో. డాక్టరు నాలిక చూసి మందు రాసినట్టుండేది ఆ వ్యవహారం. దానికి ఫీజు లేదు. టీ తాగేవాడు, పొగడ్త పుచ్చుకునేవాడు. పొగడ్త దగ్గర మాత్రం మొహమాటపడే మనిషి కాదు.

ఆ వేళ కాకినాడలో పాత ఇనప సామాన్ల కొట్లో అతని పక్కన నించున్నవాడు అచ్చిబాబు. భార్య సూరమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇన్నాళ్ళూ వాళ్ళ పడవా వీళ్ళ పడవా ఎక్కి గుల్ల ఏరిపెట్టి, ఆ ఏడు కార్తీకంలో సొంతానికి ఒక చిన్న తెరచాప పడవ దింపుకున్నాడు. పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు, గంగమ్మకి మొక్కారు. ఇంక లంగరొక్కటే తక్కువ.

"నా పడవని చూసి నీ పడవ సిగ్గుతో మునిగిపోద్దేమో బావా. ముందు దానికి కొను లంగరు" అన్నాడు అచ్చిబాబు కొట్లో కాలు పెడుతూనే.

"నీకు లంగరెందుకురా అచ్చిగా. మీ ఆవిడ ఒక్క కేకేసిందంటే పడవ ఎక్కడిదక్కడే ఆగిపోద్ది" అన్నాడు భీమరాజు.

వాళ్ళిద్దరి మధ్యా మాటలు ఎప్పుడూ ఇంతే. పాతమొగలో బావా బావమరిది మర్యాదగా మాట్లాడుకుంటే చూసినవాళ్ళు కంగారుపడి, ఏం గొడవొచ్చిందని అడుగుతారు. జ్వరంతో మూలుగుతున్నవాణ్ణి కూడా "ఇంకా పోలేదేంట్రా" అనే పలకరించాలి. అలా అనకపోతే నిజంగా పోతాడేమోనని భయం. అచ్చిబాబు నిక్కరు వేసుకున్న రోజుల్లో అక్క పెళ్ళిపందిట్లో బావ చెప్పులు దాచేసిన దగ్గర్నుంచీ ఈ పరాచికాలకి ఒక్క పూట సెలవు లేదు.

కొట్టు తాతాజీది. ఓడల్లోంచీ, లాంచీల్లోంచీ ఊడదీసిన ఇనుమంతా అక్కడికే వస్తుంది. తుప్పుపట్టిన గొలుసులు, కప్పీలు, చిల్లులు పడ్డ డ్రమ్ములు. వాటిని ఎత్తి పక్కన పడేస్తూ అచ్చిబాబు అడుగునుంచి ఒకదాన్ని బయటికి లాగాడు.

"ఇదేంటి బావా, గబ్బిలంలా ఉంది?"

భీమరాజు ముందుకి వొంగి చూశాడు. పొడుగాటి ఇనప కాడ, దాని మొదట్లో అటూ ఇటూ వాలే రెండు పలకలు. రెక్కల లంగరు. పోర్టు లాంచీ మీద ఒకసారి చూశాడు గానీ చేత్తో ముట్టుకోవడం ఇదే మొదలు. బురదలో పడిందంటే ఆ రెక్కలు రెండూ కిందికి వాలి నాగలి కర్రులా లోపలికి దిగబడతాయి. ఎంత లాగితే అంత లోతుకి పోతుంది. పాతమొగ పాయంతా మెత్తటి నల్లబురద. ఇలాంటిది ఒక్కటి ఉంటే మనిషి వానా గాలీ లెక్కచెయ్యకుండా పడవలో పడుకుని నిద్రపోవచ్చు.

"పాత బోటుదండి. అదొక్కటే వచ్చింది" అన్నాడు తాతాజీ. "నాలుగు కొంకులవైతే ఎన్ని కావాలన్నా ఉన్నాయండి. మన వెల్డింగు షాపులోనే చేయిస్తాను."

నాలుగు కొంకులవి భీమరాజుకి తెలీనివి కాదు. అతని పడవలో ఉన్నదీ అలాంటిదే. గుల్ల తిప్పల మీద, మొద్దుల మధ్యా గట్టిగానే తగులుకుంటుంది. బురదలో మాత్రం దేన్నీ పట్టుకోదు. పోయిన వర్షాకాలంలో అది జారీ జారీ తన పడవని మడచెట్ల మీదికి తోసేస్తే, చాప చిరిగి చుక్కాని ఊడిపోయింది.

"ఇది నాకు సరిపోద్దా బావా?" అన్నాడు అచ్చిబాబు. ఆ అడగడంలో పరాచికం లేదు. లంగరు రెండు చేతుల్లో పట్టుకుని, పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపిస్తున్నాడు.

భీమరాజు దాన్ని అందుకుని బరువు చూశాడు. రెక్కలు ఇటూ అటూ ఆడించాడు. కాడ వంకర లేదు, కీలు అరగలేదు.

"నీకిది ఎక్కువరా" అన్నాడు. "నీదసలే చిన్న పడవ. పోటులో ఇది గట్టిగా పట్టేసిందనుకో, మోకు పైకి రాదు, ముందుభాగం కిందికి లాగేసి పడవ నీళ్ళు తాగుద్ది. నాలుగు కొంకులది తీసుకో. తేలిక. చప్పున పడద్ది, చప్పున లేస్తది."

అబద్ధంలో కాస్త నిజం కలిపితే గొంతు వణకదు. తేలికన్నది నిజం, చప్పున లేస్తుందన్నదీ నిజమే.

"మరి ఈ గబ్బిలం?"

"నాది పెద్ద పడవ కదా. నేను మోస్తాలే."

అచ్చిబాబు ఇంకోమాట అడగలేదు. లంగర్ల సంగతిలో భీమరాజు మాటకి తిరుగులేదు కదా. నాలుగు కొంకులదాన్ని ఎంచుకుని భుజాన వేసుకుని, "మోసేది నువ్వు, నీ మీద అరిచేది మా అక్క, పాపం ఆ పడవ" అంటూ బయటికి నడిచాడు.

బస్సులో భీమరాజు కాళ్ళ దగ్గర గోనెసంచీలో రెక్కల లంగరుంది. ఏడిపించడానికి అన్నాను గానీ, నాలుగు రోజులు పోయాక చెప్పేస్తా, అప్పటికి ఇంకోటి దొరక్కపోతుందా అనుకున్నాడు. అయినా భయమేముంది, బురదలో ఆగాల్సి వస్తే వాడు నా వెనకే తోక కట్టుకుంటాడు గదా అని కూడా అనుకున్నాడు. తనని తాను సమాధానపరుచుకోవడంలో మనిషికున్నంత తెలివి ఇంకెందులోనూ ఉండదు.

*

ఇంట్లో సూరమ్మ ఆ సంచీ విప్పి చూసింది. గుల్ల ఏరడానికి మొగుడితో పాటు రోజూ పడవెక్కే మనిషి, లంగరు వేసేదీ తీసేదీ ఎక్కువ ఆవిడే. దేనికేది పనికొస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు.

"వాడికేం కొన్నావు మావా?"

"నాలుగు కొంకులది."

"ఇలాంటిది లేదా ఇంకోటి?"

"ఒక్కటే ఉంది."

"ఒక్కటే ఉంటే వాడిక్కదా ఇవ్వాలి. కొత్త పడవ, ఒంటి మనిషి. వాడి పెళ్ళాం పాపాయికి నెలలు నిండుతున్నాయి, అది తోడు వెళ్ళలేదు కూడా."

"వాడు నా వెనకాలే ఉంటాడు కదే! నేను పట్టుకుంటే వాణ్ణి పట్టుకున్నట్టు కాదా?" అని అరిచాడు భీమరాజు. అరిచాక తను అరిచిన సంగతి తెలిసి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు.

తోక కట్టడమంటే పాతమొగలో పెద్ద విషయం. లంగరు పట్టని పడవ, పట్టిన పడవ వెనక్కి వచ్చి నిలబడుతుంది. ముందు పడవవాడు తన మోకు విసురుతాడు. ఆ మోకు చివర ఉచ్చు ఉంటుంది, వెనకవాడు దాన్ని తన పడవ గుంజకి తగిలించుకుంటాడు. అడగక్కర్లేదు, కాదనకూడదు. కూడు పెట్టనివాణ్ణి క్షమిస్తారు గానీ తోక విప్పినవాణ్ణి ఊళ్ళో ఎవరూ క్షమించరు. అలాంటివాడి పడవకి జన్మలో ఇంకెవరూ మోకు అందించరు.

తిప్పల మీద పనికి మాత్రం నాలుగు కొంకుల లంగరు భేషుగ్గా పనిచేసింది. పాటు లాగినప్పుడు నీళ్ళు నడుముల్లోతుకి దిగుతాయి. పడవలు వరసగా ఆపి అందరూ దిగుతారు. అరికాళ్ళతో తడుముతూ నడవాలి. గుల్ల తగిలిన చోట వొంగి, తట్ట ముంచి, నాలుగుసార్లు ఊపితే బురద కొట్టుకుపోయి తెల్లటి గుల్ల మిగులుతుంది. అది పడవలో పోసి మళ్ళీ దిగాలి. పోటు తిరిగి ఎక్కేదాకా ఇదే పని. ఈలోగా లంగరు జారిందంటే పడవ తన దారిన తను పోతుంది, మనిషి గొంతులోతు నీళ్ళలో మిగులుతాడు. అందుకని ఏరేవాళ్ళ కళ్ళు నీళ్ళ మీద ఒకసారీ, పడవ మీద ఒకసారీ ఉంటాయి.

"కదలట్లేదు బావా, బల్లిలా కరుచుకుంది. నీ మాట బంగారం" అన్నాడు అచ్చిబాబు తట్ట ఊపుతూ.

భీమరాజుకి ఆ మాట గుల్లపెచ్చు గీరినట్టు ఎక్కడో గీరుకుంది. "బంగారమైతే మీ అక్క ఎప్పుడో తాకట్టు పెట్టేసేది" అన్నాడు. అందరూ నవ్వారు.

పక్క పడవ చిట్టియ్యది. అతను కల్పించుకుని, "తిప్ప మీద సరేరా అబ్బాయ్. బురదలో నాలుగు కొంకులంటే తల్లో దువ్వెన దువ్వినట్టే. పట్టదు" అన్నాడు.

అచ్చిబాబు వొంగినవాడల్లా లేచాడు. తట్టలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "నిజమేనా బావా? నిజం చెప్పు" అన్నాడు.

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. ఒరే, నీకు అబద్ధం చెప్పాను, సాయంత్రం వచ్చి నాది పట్టుకుపో అంటే సరిపోయేది. నాలుగు తిట్లు తిట్టి పట్టుకుపోయేవాడు. కానీ చుట్టూ అంతమంది ఉన్నారు, అందరి మొహాల్లోనూ నవ్వు సిద్ధంగా ఉంది. బావమరిదితో నిజం మాట్లాడటం భీమరాజుకి అలవాటు లేదు.

"చిట్టియ్యకి పెళ్ళాం పట్టే చిక్కలేదు, లంగరు పట్టేం తెలుస్తదిరా" అన్నాడు.

తిప్పంతా నవ్వింది. చిట్టియ్య కూడా నవ్వాడు. అచ్చిబాబు అందరికన్నా గట్టిగా నవ్వి మళ్ళీ వొంగాడు. సూరమ్మ ఒక్కతే నవ్వలేదు.

*

వాయుగుండం ఒడిశా వైపు పోతోందని పొద్దున్న రేడియోలో చెప్పారు. పోర్టులో జెండా ఎగరేశారని యానాం నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. చాలామంది పడవలు లోపలి పాయలోకి తోసేసుకున్నారు. గుల్ల కొనే సున్నం బట్టీ లారీ వచ్చే రోజు కావడంతో భీమరాజు, సూరమ్మ ఒక పడవలో, అచ్చిబాబు తన పడవలో తిప్పకి వెళ్ళారు. ఒక్క దఫా ఏరుకుని వచ్చేద్దామనుకున్నారు. ఆశ అన్నది ఎప్పుడూ ఒక్క దఫానే అడుగుతుంది.

మధ్యాహ్నానికి పడమటి గాలి తిరిగింది. వానతో పాటే వచ్చి పడింది. చాపలు దింపేసి, గెడలు వేస్తూ, ఎలాగో ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి పాయలోకి వచ్చారు గానీ, పైనుంచి గోదారి ఎర్రనీళ్ళు, దానికి తోడు పాటు. గెడ వేస్తే పడవ అడుగు ముందుకి, రెండడుగులు వెనక్కి. లోపలికి పోవడం కుదరదని భీమరాజు లంగరు వేశాడు. రెక్కల లంగరు అడుక్కి చేరి, ఒకసారి తడబడి, పట్టేసింది. పడవ తాడు బిగించిన ఎద్దులా గాలికి ఎదురు తిరిగి నిలబడింది.

అచ్చిబాబు కూడా వేశాడు. మోకు బిగియలేదు. పడవ జారిపోతూనే ఉంది. పైకి లాగితే నాలుగు కొంకులకీ నల్లబురద ముద్దలు. దులిపి మళ్ళీ వేశాడు, మళ్ళీ అవే ముద్దలు. వాళ్ళకి వెనకాల మొగ దగ్గర కెరటాలు విరుగుతున్న చప్పుడు వానలోంచి కూడా వినిపిస్తోంది.

భీమరాజు మోకు విసిరాడు. అచ్చిబాబు ఉచ్చు అందుకుని గుంజకి తగిలించాడు. "తోక ఊపకు బావా, పడిపోతాను!" అని అరిచాడు. ఆ గాలిలో కూడా.

"పోరా కోతీ!" అని అరిచాడు భీమరాజు. ప్రాణం కుదుటపడింది. చూశావా, నేను పట్టుకుంటే వాణ్ణి పట్టుకున్నట్టే అని పెళ్ళానికి చెప్పాలనిపించింది. సూరమ్మ వొంగి బొక్కెనతో నీళ్ళు తోడుతోంది, తల ఎత్తలేదు.

లంగరు మోకు ఇంకాస్త వదిలాడు. ఎంత పొడుగు వదిలితే లంగరు అంత పడుకుని పట్టుకుంటుంది. అంచుకి రాసుకుని తెగిపోకుండా మోకు కింద గోనెపట్టా దోపాడు. చెయ్యవలసినవన్నీ చేశాడు. చేసి, మోకు మీద చెయ్యి వేసి ఉంచాడు, నాడి చూసినట్టు. కాసేపు బిర్రుగా, స్థిరంగా ఉంది. తరవాత వేళ్ళ కింద సన్నగా ఒక గరగర మొదలైంది. ఒడ్డున ఒక మడచెట్టుని గుర్తు పెట్టుకున్నాడు. అది పడవ ముందునుంచి నెమ్మదిగా పక్కకి వచ్చింది. అంటే తాము వెనక్కి పోతున్నారు. లంగరు జారుతోంది.

ఒక పడవనైతే అది ఆపగలదు. రెండింటిని ఆపలేదు. ఆ సంగతి భీమరాజుకి ఎంత స్పష్టంగా తెలిసిందంటే, ఇంకెవరికీ అంత తెలిసి ఉండదు.

మోకాళ్ళ మీద పాకుతూ పడవ వెనక్కి వెళ్ళాడు. మొలలోంచి కత్తి తీశాడు. అచ్చిబాబు అవతల గుంజని కావలించుకుని ఉన్నాడు. వాడి మొహం మీద నీళ్ళు కారడం కూడా కనిపించేంత దగ్గర. వాడు కత్తి వైపు చూశాడు. బావ మొహం వైపు చూశాడు. భీమరాజు చూపు తిప్పుకుని కత్తి అంచు మోకు మీద పెట్టాడు.

నొక్కలేదు. నొక్కేవాడే. ఆ మాట తరవాత ఎన్నిసార్లు తనని తాను అడిగినా, జవాబు అదే వచ్చింది, నొక్కేవాడే అని.

కత్తి కింద మోకు వదులైపోయింది. అవతల అచ్చిబాబు రెండు చేతులతో ఉచ్చు గుంజ మీంచి తీసి నీళ్ళలో వదిలేశాడు. ఏమీ అరవలేదు. పడవ వెనక్కి జారుతుంటే ముందుకి పోయి నాలుగు కొంకుల లంగరు తీసి నీళ్ళలో వేశాడు. పట్టదని తెలిసి కూడా, పద్ధతి ప్రకారం వేశాడు. అంతలో వాన వాణ్ణీ పడవనీ కప్పేసింది.

మోకులో గరగర ఆగిపోయింది. రెక్కల లంగరు మళ్ళీ పట్టుకుంది.

సూరమ్మ తలెత్తి వెనక్కి చూసింది. "తమ్ముడేడీ?" అంది.

*

పోటు ఎక్కాక పడవ రేవు చేరేసరికి ఒడ్డున ఊరంతా నించుంది. ఊరిపెద్ద పోలయ్యతాత ముందు మనుషుల్ని చూడలేదు, పడవ వెనక వేలాడుతున్న మోకుని చూశాడు. దాన్ని మోచేతి మీద చుట్టుకుంటూ కొసదాకా లాగాడు. కొసన ఉచ్చు ఉచ్చులాగే ఉంది. తెగలేదు, కోత లేదు. అందరికీ కనిపించేలా పైకెత్తాడు.

"కుర్రాడే వదిలేశాడు" అన్నాడు. "బావా అక్కా దక్కాలని వాడే వదిలేశాడు. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని ఊరికే అన్నారా పెద్దోళ్ళు!"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మగవాళ్ళు వచ్చి భీమరాజు భుజం పట్టుకున్నారు. అలాంటి బావమరిదిని ఇచ్చినందుకు గంగమ్మ నిన్ను చల్లగా చూసిందన్నారు. అతను చేతులు కిందికి వేలాడేసి నించున్నాడు. కత్తి మొలలోనే ఉంది. దాని సంగతి ఎవరూ అడగలేదు.

గాలి తగ్గిన పొద్దున్నుంచీ వెతకడం మొదలుపెట్టారు. చిట్టియ్యని తోడు తీసుకుని భీమరాజు మొగ దాటి, తిప్పలు దాటి, మడ అడవి అంచునే తిరిగాడు. కాలవ కాలవకీ పడవ ఆపి కేకేశాడు. "ఒరే అచ్చిగా!" అని కేకేసి, జవాబు కోసం చెవి ఒగ్గి, కొంగల రెక్కల చప్పుడు విని మళ్ళీ గెడ అందుకునేవాడు. పసుపు రాసిన చెక్క ఒకటి మడవేళ్ళలో ఇరుక్కుని దొరికింది. చిట్టియ్య దాన్ని పడవలో బోర్లా పెట్టాడు, పసుపు కనిపించకుండా.

పాపాయి గుమ్మంలో కూర్చుని ఉండేది, పొట్ట మీద చేతులు వేసుకుని. శవం కనపడేదాకా గాజులు తియ్యరు గనక చేతికి గాజులున్నాయి. ఆ పిల్లని చూసినప్పుడల్లా భీమరాజుకి బతుకు మీద రోత పుట్టేది. ఆకలేసినా రోతే, నిద్ర పట్టినా రోతే. ఎవరైనా వచ్చి మొహాన ఉమ్మేస్తే బాగుండుననిపించేది. వచ్చినవాళ్ళందరూ చేతులు పట్టుకుని ఓదార్చి పోయేవారు.

మూడోనాడు ఉండబట్టలేక పాపాయి ముందు చతికిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఆ లంగరు బురదలో పట్టదని నాకు తెలుసు. తెలిసే వాడిచేత కొనిపించాను. మంచిది నేనుంచుకున్నాను."

పాపాయి కళ్ళెత్తింది. ఆ కళ్ళలో కోపమేమీ లేదు. "మీరట్టా అనకండి అన్నయ్యా. చిన్న పడవకి మంచిదనే చెప్పుంటారు. మీ మాటంటే ఆయనకి వేదం" అంది.

"కాదమ్మా, నిజంగా..."

"బాధలో మతి చెడి మాట్లాడుతున్నాడు పాపం, లేపండర్రా" అన్నాడు పోలయ్యతాత వెనకనుంచి. ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని లేపి, ఇంటిదాకా తీసుకుపోయి, టీ తాగించారు.

సూరమ్మ అంతా విన్నది. వాళ్ళు వెళ్ళాక దగ్గరికొచ్చి నించుంది.

"వాడు ఉచ్చు తీసేశాడు, సరే. అప్పుడు నువ్వేం చేస్తున్నావు మావా?"

"మోకు పట్టుకున్నా" అన్నాడు భీమరాజు.

ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

ఆ మర్నాడు పొద్దెక్కాక పీతలవాళ్ళ దోనె ఒకటి రేవులోకి వచ్చింది. అందులో గోనెపట్టా కప్పుకుని ఒక మనిషి కూర్చున్నాడు. ముందు ఎవరూ గుర్తుపట్టలేదు. మొహం ఉబ్బి, పెదాలు పగిలి, అరచేతులు మడవేళ్ళకి కోసుకుపోయి ఉన్నాయి. పడవ ముక్కలైపోతే చెట్టు పట్టుకుని వేలాడాడట. గుంటల్లో వాననీళ్ళు తాగి, పచ్చి గుల్ల కొట్టుకు తిని బతికాడట. పీతల బుట్టలు తీయడానికి వెళ్ళినవాళ్ళకి కనిపించాడు.

ఊరు ఊరంతా రేవులోకి దొర్లింది. సూరమ్మ నడుముల్లోతు నీళ్ళలోకి పరిగెత్తి తమ్ముణ్ణి పట్టుకుంది. పాపాయి గుమ్మంలోంచి లేవలేక అక్కణ్ణుంచే ఏడ్చింది. భీమరాజు జనం వెనకాలే నించున్నాడు. జనం తోస్తే ముందుకి వచ్చిపడ్డాడు. గుండె నిండా ఏడుపు వచ్చింది. ఆ ఏడుపుని ఎలా బయటపెట్టాలో తెలీక, తనకి తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో బయటపెట్టాడు.

"ఏంట్రా, చేపలు కూడా నిన్ను ముట్టుకోలేదా?"

జనం నవ్వడానికి నోరు తెరిచి, అచ్చిబాబు ఏమంటాడా అని ఆగారు.

అచ్చిబాబు అతని వైపు చూశాడు.

"లేదండి" అన్నాడు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నీరసం అనుకున్నారు. పోలయ్యతాత చేరి, ఏం జరిగిందిరా నాయనా, ఉచ్చు నువ్వే తీశావా అని అడిగాడు. భీమరాజు ఇంకో అడుగు ముందుకి వేశాడు. అడగాల్సినవాణ్ణి అడుగుతున్నారు, ఇప్పుడు చెప్తాడు, అందరి ముందూ చెప్తాడు. చెప్తే బాగుండునని కూడా ఉంది.

"నేనే తీశాను తాతా" అన్నాడు అచ్చిబాబు. "రెండు పడవల్నీ ఆపలేకపోతోంది."

"చూశారా! వాడంతట వాడే!" అన్నాడు పోలయ్యతాత.

దెబ్బలు మానేదాకా అచ్చిబాబు అక్క ఇంట్లోనే ఉన్నాడు. పాపాయినీ అక్కడికే తెచ్చారు. తాతా అనీ, అక్కా అనీ, చిట్టియ్యా అనీ అందరితోనూ ఎప్పట్లాగే మాట్లాడుతున్నాడు. భీమరాజు గడపలోకి రాగానే మంచం మీంచి లేచి నించుంటున్నాడు. "కూర్చోండి" అంటున్నాడు. అన్నం దగ్గర, "మీరు ముందు తినండి" అంటున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముచ్చటపడ్డారు. చావు దాకా వెళ్ళొచ్చాక కుర్రాడికి పెద్దా చిన్నా తెలిసిందన్నారు. బావగారికి ఎంత మర్యాద ఇస్తున్నాడో చూడండి, ఇదివరకు ఒట్టి కోతి వేషాలు అన్నారు. సూరమ్మ మాత్రం తమ్ముడు "మీరు" అన్నప్పుడల్లా చేస్తున్న పని ఆపేసేది. మొగుడి వైపు చూసేది కాదు.

ఒక సాయంత్రం పెరట్లో ఎవరూ లేనప్పుడు భీమరాజు వాడి పక్కన నించున్నాడు.

"ఒరే, రెక్కల లంగరు నువ్వు తీసుకో."

"పడవ లేదు కదండి."

"పడవ మళ్ళీ కట్టిద్దాం. నేనున్నాను."

"వద్దండి. పాపాయి వాళ్ళ ఊరు ఓడలరేవులో రొయ్యల చెరువు మీద కాపలా పని ఉందన్నారు. పోతాం."

భీమరాజు వాడికి ఎదురుగా వచ్చాడు. "తిట్టరా" అన్నాడు. "నీ నోటికొచ్చినట్టు తిట్టు. లంగరు దగ్గర నేను అబద్ధం చెప్పాను. ఆ రోజు... ఆ రోజు నా చేతిలో ఉన్నది చూశావు కదా నువ్వు."

అచ్చిబాబు కట్టు కట్టిన అరచేతుల వైపు చూసుకున్నాడు. తలెత్తినప్పుడు మొహంలో కోపం లేదు, ఏమీ లేదు. దారి అడిగిన ఊరుకాని మనిషికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"బాగా వాన కదండి అప్పుడు. నాకేమీ కనపళ్ళేదండి."

వాళ్ళు వెళ్ళే రోజున రేవులో చాలామంది పోగయ్యారు. పాపాయిని జాగ్రత్తగా నాటుపడవ ఎక్కించారు. సూరమ్మ బియ్యం మూట అందించి, తమ్ముడి తల నిమిరి, పక్కకి తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. అచ్చిబాబు అందరికీ చెప్పి, చిట్టియ్యతో ఏదో అని నవ్వించి, చివర్న భీమరాజు ముందుకి వచ్చాడు. రెండు చేతులూ జోడించాడు.

"వెళ్ళొస్తామండి."

జనం చూస్తున్నారు. ఇలాంటప్పుడు అనడానికి భీమరాజు దగ్గర ఎన్ని మాటలుండేవో. పోరా, పీడా పోయింది అనేవాడు. రొయ్యలు నిన్ను చూసి చెరువు దాటి పారిపోతాయనేవాడు. ఒక్కటీ నోటికి రాలేదు. అతని చేతులు నెమ్మదిగా లేచి ఒకదానికొకటి కలిశాయి.

"మంచిదండి" అన్నాడు భీమరాజు.